పురుగులు లేవన్న రిపోర్టు

ఖతర్‌లో ఏం పని చేస్తున్నావని మా ఊళ్ళో ఎవరైనా అడిగితే ల్యాబ్‌లో అని చెప్పేవాణ్ణి. ల్యాబ్‌లో ఏం చేస్తావని తరచి అడగబోతే మా ఆవిడ కాఫీ తెచ్చి మాట మార్చేది. నేను చేసింది ముఖ్యంగా మలపరీక్ష. రక్తం, మూత్రం, కఫం కూడా చూసేవాణ్ణి గానీ, కూలీల క్యాంపులో రోజూ నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చేది అదే. వంటింట్లో టొమాటో పేస్టు అయిపోయాక పారేసిన చిన్న డబ్బాలు కడిగి, వాటిలో తెచ్చేవాళ్ళు. పని నేర్చుకున్న రోజుల్లో మన ఆసుపత్రుల్లో అగ్గిపెట్టెల్లో తెచ్చేవాళ్ళు గనక, ఖతర్ ఆ విషయంలో మెరుగే అనుకున్నాను. మెరుగు అనుకోవడానికి దొరికినవి అక్కడ ఎక్కువ లేవు.

రోజూ డైరీ రాసే అలవాటు నాకు చదువుకునే రోజుల నుంచీ ఉంది. ఈ మధ్య తీరిక దొరికి పాతవి వరసగా తిరగేస్తే, ఖతర్ సంవత్సరాల్లో ఎండ, దుమ్ము, జనరేటర్ ఆగిపోవడం, ఇంటి నుంచి ఉత్తరం రావడం, రాకపోవడం తప్ప పెద్దగా ఏమీ కనబడలేదు. ఇప్పుడు రాయబోయే సంగతికి డైరీ తెరిచే అవసరం రాలేదు. మరిచిపోదామనుకున్నా కుదరని సంగతి అది.

డెబ్బైల చివర. చమురు డబ్బు వెల్లువలా వచ్చిపడుతున్న కాలం. దేశమంతా ఒకేసారి తవ్వి, ఒకేసారి కట్టాలన్న తొందర. దోహా నుంచి ఉత్తరాన అల్ రువైస్ వైపు పోయే రోడ్డు పక్కన మా కంపెనీ క్యాంప్. పైపులు వేయడానికి కందకాలు తవ్వే పని. తవ్వేవాళ్ళలో ఎక్కువమంది నిజామాబాద్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వాళ్ళు. నాది కృష్ణా జిల్లా. నేను నోరు తెరిస్తే "సారు సినిమాల లెక్క మాట్లాడ్తడు" అని నవ్వుకునేవాళ్ళు.

రేకులతో చేసిన ఒక పోర్టాకాబిన్‌ను రెండుగా చేసి సగంలో క్లినిక్, సగంలో నా మైక్రోస్కోపు పెట్టారు. డాక్టరు సూడాన్ దేశస్థుడు, మంచివాడు, వారానికి రెండుసార్లు దోహా నుంచి వచ్చేవాడు. మిగతా రోజుల్లో ఆ క్లినిక్‌కు పెద్ద నేనే, అంటే ఎవరూ లేనట్టే. మధ్యాహ్నం భోజనం వేళకు ఆఫీసు గుమాస్తా వచ్చి, ఆ రోజు రిపోర్టులన్నీ క్యాంప్ బాస్ దగ్గరికి పట్టుకుపోయేవాడు. రోగి కంటే ముందు, డాక్టరు కంటే కూడా ముందు వాటిని క్యాంప్ బాస్ చూసేవాడు. ఆయన మన దేశంవాడే. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, పరాయివాడయ్యుంటే కోపం తెచ్చుకోవడం నాకు తేలికయ్యేది.

రిపోర్టులు ఇంగ్లీషులో ఉండేవి. కూలీలకు అందులో రెండు మాటలే తెలుసు, పాజిటివ్, నెగెటివ్. అంతకుముందు ఏడాది ఒక వంటమనిషి మలంలో అమీబా కనబడింది. వంటవాళ్ళకు ఆరోగ్య కార్డు ఉండి తీరాలి. అతన్ని వంటింట్లోంచి తీసేసి, వేరే పనేదీ లేదని విమానం ఎక్కించారు. అప్పటి నుంచి క్యాంపులో పాజిటివ్ అంటే పాస్‌పోర్ట్ చేతిలో పెట్టడమే. ఆ నియమం వంటవాళ్ళకే గానీ కందకం తవ్వేవాళ్ళకు కాదని నేను చెబుతూనే ఉన్నాను. తలలూపేవాళ్ళు. నమ్మేవాళ్ళు కాదు.

ఒక ఆదివారం ఫోర్‌మన్ ఒక మనిషిని నా దగ్గరికి పంపాడు. పని ఎగ్గొడుతున్నాడు, రోగమో వేషమో తేల్చమని కబురు. ముప్పై ఏళ్ళుంటాయి. మెడలో తులసిపూసలు. క్యాంపులో అందరూ అతన్ని మహారాజ్ అనేవాళ్ళు, కొంత గౌరవంగా, కొంత ఎగతాళిగా. కాబిన్ మెట్లు రెండెక్కి గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు.

"ఏమిటి ఇబ్బంది?"

"ఏం లేదు సారూ. జర దమ్మొస్తది. పార లేపంగనే గుండె దడదడ కొట్టుకుంటది."

"ఇక్కడికి వచ్చాకనా?"

"ఊళ్ళెనుంచే ఉన్నది. ఆడ పసుపు చేన్ల జరసేపు కూసోని లేస్తుంటి. ఈడ కూసుంటే ఫోర్‌మన్ యల్లా యల్లా అని మీదికొస్తడు."

కింది కనురెప్ప లాగి చూశాను. లోపల ఎరుపన్నది లేదు, కాగితంలా ఉంది. గోళ్ళు మధ్యలో గుంటలు పడి ఉన్నాయి.

"పచ్చి బియ్యం గానీ, సుద్ద గానీ తినాలనిపిస్తుందా?"

అతను ఉలిక్కిపడ్డాడు. "ఆ వంటోడు చెప్పిండా? గుప్పెడు బియ్యం బుక్కితే ఊరంత చాటుతడు. నీ పెండ్లికి వాన పడ్తదిరా అంటడు. నా పెండ్లై పదేండ్లాయె, ఇంకేం వాన."

వేలి నుంచి రక్తం తీసి, గాజు గొట్టంలో ఆసిడ్‌తో కలిపి రంగు పోల్చి చూశాను. హిమోగ్లోబిన్ ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఉండవలసిన దానిలో సగం కూడా లేదు. ఆ రక్తంతో అతను కందకంలో దిగడమే ఆశ్చర్యం. ఇలాంటివాళ్ళను నేను అంతకుముందు కూడా చూశాను. కొంకిపురుగు అని పుస్తకాల్లో రాస్తారు. జనం చెంబు పట్టుకుని పోయే తడి నేలలో దాని పిల్లలుంటాయి. చెప్పులు లేని పాదం చర్మంలోంచి లోపలికి దూరి, చివరికి పేగు చేరి, గోడను కరిచి పట్టుకుని ఏళ్ళ తరబడి రక్తం తాగుతాయి. ఎడారి ఇసుకలో అవి బతకవు. అతను ఊరి చేలోంచి కడుపులో పెట్టుకుని తెచ్చుకున్నవే. మాత్రలు వేస్తే పడిపోతాయి. ఆపైన ఐరన్ గోళీలు మింగితే రక్తం మెల్లగా పడుతుంది. అయితే నా అనుమానం చాలదు. మలంలో పురుగు గుడ్లు కళ్ళతో చూడాలి.

"రేపు పొద్దున శాంపిల్ తీసుకురా," అని డబ్బా ఇచ్చాను.

తీసుకోలేదు. "సారూ, నీ కాల్మొక్త. ఏం రాసినా గానీ వాపస్ పంపేటట్టు రాయకు. ఏజెంట్ మోసం జేస్తే మస్కట్ నుంచి ఒకసారి వాపస్ పోయిన. అప్పటిసంది ఊళ్ళె నా పేరే పోయింది, వాపస్ అంటరు. బడిల మా పోరన్ని గూడ వాపస్ కొడకా అని పిలుస్తరు. మళ్ళొక్కసారి దుబాయ్ నుంచి ఉత్త చేతుల పోతే ఆ పోరడు బడికి పోడు."

"ఇది ఖతర్ కదయ్యా."

"మా ఊరోళ్ళకు అంతా దుబాయే సారూ."

పురుగులున్నాయని తేలితేనే నీకు మంచిది, మందిస్తారు, నాలుగు వారాలు తేలిక పని ఇస్తారు, అని నాకు చేతనైనంత విడమరిచి చెప్పాను. సరే సారూ, సరే సారూ అంటూ డబ్బా పుచ్చుకుని వెళ్ళాడు.

సోమవారం పొద్దున డబ్బా వచ్చింది. కొంచెం పుల్లతో తీసి, గాజుపలక మీద ఒక పక్క ఉప్పునీటి చుక్కలో, ఒక పక్క అయోడిన్ చుక్కలో కలిపి, పలచని గాజుబిళ్ళలు కప్పి, ఒక మూల నుంచి మొదలుపెట్టి పొలం దున్నినట్టు వరసగా చూసుకుంటూ పోయాను. కొంకిపురుగు గుడ్డు గుర్తుపట్టడం కష్టం కాదు. కోలగా, చుట్టూ గాజులాంటి పొరతో, మధ్యలో నాలుగు ముద్దలతో ముచ్చటగా ఉంటుంది. ఒక్కటీ లేదు. అడ్డగీతలున్న పసుపుపచ్చని మాంసపు పోగులు మాత్రం అక్కడక్కడా కనిపించాయి. మాంసం తినేవాళ్ళలో అవి మామూలే. మిగిలింది చిక్కటి ఉప్పునీటిలో కలిపి నిలబెట్టాను. గుడ్లుంటే తేలికగా ఉండి పైకి తేలి, పైన ఆనించిన గాజుబిళ్ళకు అంటుకుంటాయి. అదీ ఖాళీయే.

రక్తం చాలా తక్కువ, ఈ శాంపిల్‌లో గుడ్లు కనబడలేదు, మరో రెండు శాంపిళ్ళు చూడాలి, డాక్టరు చూడాలి అని రాశాను. నేను చూసింది చూసినట్టే రాశాను. గుమాస్తా పట్టుకుపోయాడు.

మంగళవారం, మహారాజ్ అనుమానించిన ఆ క్యాంప్ వంటవాడే దగ్గు మందుకు వచ్చాడు. కరీంనగర్ వైపు మనిషి, నోరు ఊరుకోదు.

"మంచిగైంది సారూ, మహారాజ్ పీడ పోతుంది. శుక్రవారం ఫ్లయిటంట. ఆఫీసుల చాయ్ ఇయ్యనీకి పోయి విన్న. రోగం లేదంట, ఒళ్ళు వంగని బీమారంట. బాస్ సాబ్ ఒకటే నవ్వుడు."

నేను దగ్గు మందు సీసా అందించాను. అందుకుని ఇంకా చెప్పుకుపోతున్నాడు. "వాని తోని నాకు రోజు లొల్లే. మాంసం తిప్పిన గంటె వాని పప్పుల పెట్టొద్దంటడు. గుడ్డు గూడ ముట్టడు. పండరిపురం పోయి పూసలేసుకున్నడట, అవి ఏసుకున్నోళ్ళు నీసు ముట్టరట. పప్పొక్కటే నాకుడు, బియ్యమొకటే బుక్కుడు. రక్తమేడికెళ్ళొస్తది?"

"మాంసం తినడా? ఎప్పుడూ?"

"వాసనొస్తే బయట కూసోని తింటడు సారూ."

మా వైపు ఆ పూసలు వేసుకోరు, వాటి సంగతి నాకు తెలియదు. గుడ్డు కూడా ముట్టని మనిషి మలంలో మాంసపు పోగులు ఎలా వచ్చాయి? పలక ఇంకా కడగలేదు. మళ్ళీ పెట్టి చూశాను. ఉన్నాయి. ఆ డబ్బాలోది మహారాజ్‌ది కాదు.

డ్యూటీ అయ్యాక వాళ్ళ గదికి వెళ్ళాను. మంచాల మధ్య స్టవ్ మీద సేమ్యా ఉడుకుతోంది. మహారాజ్, అతని పక్క మంచం పికప్ డ్రైవరు, ఇద్దరూ పెళ్ళివారిలా ఉన్నారు. డ్రైవరు నిజామాబాద్ పట్టణంలోని ముస్లిం, మంచి దిట్టమైన మనిషి. నన్ను చూడగానే లేచి గ్లాసులో సేమ్యా పోశాడు.

"ఆయియే సాబ్, మీఠా తినుండ్రి! మా మహారాజ్ పాసైండు. నిన్న గుమాస్తా చెప్పిండు, నెగెటివ్!"

"ఎవరిది ఆ శాంపిల్?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మహారాజ్ తల దించుకున్నాడు. డ్రైవరు మాత్రం ఛాతీ విప్పుకున్నాడు.

"నాదే సాబ్. నంబర్ వన్ మాల్. రోజు గోష్ తింట, రోగం లేదు రొష్టు లేదు. ఈయనేమో రాత్రంత ఏడుస్తుండె, పాజిటివ్ వస్తే పంపిస్తరని. నేనన్న, అరే పాగల్, నాకు రెండు పూటలొస్తది, నీకొక పూట ఇయ్యలేనా?"

గదిలో ఉన్న మిగతావాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. నాకు కూడా నవ్వు వచ్చింది. గ్లాసు కింద పెట్టి చెప్పాను.

"అతనికి శుక్రవారం టికెట్ రాశారు."

"ఎట్ల? నెగెటివ్ వచ్చె గద?"

"అందుకే రాశారు. పురుగులుంటే రోగి. రోగికి మందుంది. పురుగులు లేకపోతే సోమరిపోతు. సోమరిపోతుకు టికెట్టే."

నవ్వు ఆగిపోయింది. స్టవ్ ఎవరో ఆర్పారు. డ్రైవరు మంచం మీద కూలబడి, "నా చేతులతోటి పంపిస్తున్నన్నట్టు," అన్నాడు. మహారాజే అతని భుజం మీద చెయ్యి వేసి, "నువ్వేం జేసినవ్‌రా, మంచికే ఇస్తివి," అన్నాడు. తరవాత నా వైపు తిరిగి, "సారూ, ఇప్పుడు నాది ఇస్త. జల్ది చూడు," అన్నాడు. ఆ తొందర ఆదివారం ఉండి ఉంటే ఇదంతా ఉండేది కాదు. ఆ మాట అతనితో అనలేదు.

బుధవారం పొద్దున అతని అసలు శాంపిల్ నా ఎదురుగానే తెచ్చాడు. పలక పెట్టీ పెట్టగానే గుడ్లు. ఎటు జరిపితే అటు. అన్నేళ్ళ పనిలో అంత దట్టంగా ఎప్పుడూ చూడలేదు. అతని చేత కూడా చూపించాను. ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. "ఇవి నావేనా? సక్కగున్నయి," అన్నాడు.

కొత్త రిపోర్టు గుమాస్తాకు ఇవ్వకుండా నేనే పట్టుకెళ్ళాను. క్యాంప్ బాస్ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకున్నాడు.

"సోమవారం లేని పురుగులు బుధవారం ఎలా వచ్చాయి?"

"సోమవారం శాంపిల్ అతనిది కాదు సార్. భయపడి వేరేవాళ్ళది ఇచ్చాడు. రక్తం పరీక్ష చూడండి, అది ఎవరూ మార్చలేరు."

"రక్తం తక్కువంటే తిండి తినడం లేదన్నమాట. కంపెనీ మాంసం పెడుతోంది. తినకపోవడం అతని ఇష్టం. అయితే కంపెనీని మోసం చేశాడంటారు."

"భయపడ్డాడంటున్నాను."

"మీరు రాసిందే కదా. మొదటిది అబద్ధం అని మీరే అంటున్నారు. సోమరితనమైతే హెచ్చరించి వదిలేసేవాణ్ణేమో. మోసానికి ఆ వీలు లేదు." మంగళవారమే టికెట్ రాసిన మనిషి ఇలా అని మహారాజ్‌ను లోపలికి పిలిపించాడు. "ఎవరిచ్చారు నీకు?" అని హిందీలో అడిగాడు.

పేరు చెబితే టికెట్లు రెండవుతాయని గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. బయట పికప్ ఇంజన్ ఆడుతూనే ఉంది. మహారాజ్ చేతులు కట్టుకుని నిలబడి, "బాహర్ మిలా సాబ్," అన్నాడు. బయట దొరికిందట.

బాస్ నా వైపు చూశాడు. నాకు తెలియదన్నాను. దానికి ఈనాటికీ నేను విచారించడం లేదు.

గురువారం డాక్టరు వచ్చాడు. రెండు రిపోర్టులూ చూసి, అతని కనురెప్పలు చూసి, ఆఫీసుకు వెళ్ళి చాలాసేపు మాట్లాడాడు. తిరిగి వచ్చి చేతులు కడుక్కుంటూ, "నాకు మందు రాసే అధికారం ఉంది, మనిషిని ఉంచే అధికారం లేదు," అన్నాడు. పురుగుల మాత్రలు రాశాడు. ఐరన్ గోళీలు రెండు నెలలకు సరిపడా ఇచ్చాం. ఊళ్ళో చెప్పులు వేసుకుని చేలోకి దిగమని చెప్పాను. అనవసరపు సలహా. బురదలో చెప్పులేసుకుని పసుపు తవ్వే మనిషిని నేనైతే ఇంతవరకు చూడలేదు.

మాత్రలు చేతిలో పెట్టుకుని అడిగాడు. "సారూ, ఇవి ఎప్పుడు పడ్తయి?"

"ఇప్పుడు మింగితే రేపటికి పడడం మొదలవుతాయి."

"అంటే ఫ్లయిటెక్కేలోపలనే."

"చాలావరకు."

"మంచిది. కంపెనీ నాకేమియ్యలే, నేనైతే కంపెనీకి ఇచ్చి పోత." మాత్రలు నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు. నవ్వాడు.

శుక్రవారం డ్రైవరే పికప్‌లో ఎయిర్‌పోర్ట్‌కు తీసుకువెళ్ళాడు. సాయంత్రం తిరిగి వచ్చి నా కాబిన్ ముందు బండి ఆపి, దిగకుండా స్టీరింగ్ మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. ఏమన్నాడని అడిగాను. "ఏం అనలే సాబ్. దిగి, నా బూట్లు అడిగిండు. ఊళ్ళె బూట్లతోటి దిగితే వాపస్ అనరేమో అని. ఇచ్చిన." అతని పాదాలు ఖాళీగా ఉన్నాయి. దోహా నుంచి ఇంతదూరం వట్టికాళ్ళతోనే బండి నడుపుకుని వచ్చాడు.

మరో వారం లోపల ఆఫీసు నుంచి కొత్త ఆజ్ఞ వచ్చింది. ఇకపై శాంపిల్ ఇచ్చేవాళ్ళు కాపలావాడు చూస్తుండగా ఇవ్వాలి, పాయిఖానా తలుపు మూయకూడదు. అన్నిటికీ కలిపి కంపెనీ చేసిన మార్పు అదొక్కటే. రిపోర్టు ముందు డాక్టరు చూడాలని నేను రాసి పంపాను. జవాబు రాలేదు. ఎండలో వరసగా నిలబడి, తలుపు తీసి కూర్చోవలసిన మనుషులు నా దగ్గరికి డబ్బాలు తెచ్చేటప్పుడు కళ్ళెత్తి చూడడం మానేశారు. సినిమా తెలుగు అని నవ్వడం కూడా మానేశారు.

మహారాజ్ మంచం మీదికి కొత్త మనిషి వచ్చాడు. ఆర్మూర్ దగ్గరి పల్లె, అతనూ పసుపు చేలవాడే. కాపలావాడి ముందు ఇచ్చిన అతని శాంపిల్ పలక మీద పెట్టాను. అవే గుడ్లు. అంత దట్టంగా లేవు గానీ అవే. పాజిటివ్ అనే రాశాను. గుమాస్తా పట్టుకుపోయాడు. మర్నాడు కాగితం తిరిగి వచ్చింది. మందు ఇవ్వాలి, మూడు వారాలు తేలిక పని, అని క్యాంప్ బాస్ సంతకం.

నేను ఆఫీసుకు వెళ్ళాను. "ఇతన్ని పంపించడం లేదా సార్?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఎందుకు? పురుగులే కదా. మాత్రలేస్తే పోతాయి. మీరే చెబుతుంటారు."

"మొన్న వెళ్ళినతనివీ పురుగులే."

"అతని ఫైలు మూసేశాం," అని ఆయన ఫోన్ అందుకున్నాడు.

కొత్త మనిషికి చూస్తుండగానే కనురెప్పల కింద ఎరుపు వచ్చింది. పార పట్టుకుని కందకంలో దిగాడు. తరవాత చాలాకాలం అదే క్యాంపులో పనిచేశాడు. దారిలో కనబడితే, "సారూ, మీ మందు మంచిగ పనిచేసింది," అని చెయ్యెత్తేవాడు. అతని తప్పేమీ లేదని తెలుసు. అయినా అతను చెయ్యెత్తిన ప్రతిసారీ నేను రోడ్డు అవతలి వైపు చూసేవాణ్ణి.